రాయి దగ్గర కాసేపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినమని పోయిన నెల ఇక్కడ ఒక మాట రాశాను. దాంతో ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ గుళ్ళ చుట్టూ, కోటల చుట్టూ తిరిగాయి. ముప్పై ఒక్క ఏళ్ళు చెన్నైలో తెలుగు పిల్లలకు చరిత్ర పాఠం చెప్పినదాన్ని. విల్లివాక్కంలో మా ఇంటి బల్ల మీద ఈ ఉత్తరాలు పరుచుకుని చదువుతుంటే మళ్ళీ తరగతి గదిలో కూర్చున్నట్టే ఉంది. అన్నింటికీ ఇక్కడ చోటు చాలదు. ఆరింటికి జవాబులు రాస్తున్నాను.

వేళచ్చేరి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

ప్రశ్న: అమ్మగారూ, మా అమ్మానాన్నలు నరసరావుపేట నుంచి వస్తున్నారు. నాన్నకు అరవై నాలుగు, అమ్మకు యాభై తొమ్మిది. నాలుగు రోజులు సెలవు పెట్టాను. కారు మాట్లాడుకుని మహాబలిపురం, జింజీ కోట, గంగైకొండ చోళపురం, దారాసురం, తంజావూరు, తిరుగు దారిలో కంచి చూపించాలని ఉంది. యునెస్కో జాబితాలో ఉన్నవన్నీ ఒక్క ప్రయాణంలో పూర్తవుతాయి కదా. నాలుగు రోజులు సరిపోతాయా?

జవాబు: కారుకు సరిపోతాయి బాబూ, మీ అమ్మానాన్నలకు సరిపోవు. ముందు ఒక చిన్న సవరణ. కంచి గుళ్ళు ఆ జాబితాలో లేవు. జింజీ 2025లో చేరింది. మరాఠాల కోటలు పన్నెండింటికి కలిపి ఇచ్చిన గుర్తింపులో మహారాష్ట్ర బయట ఉన్న కోట అదొక్కటే. కానీ అది కొండ ఎక్కే కోట. మీరు ఒంటరిగా ఒక చలికాలం ఉదయం వెళ్ళి చూసి రండి.

పద్దెనిమిదేళ్ళ కిందట మా అత్తగారిని, ఆడపడుచును వెంటబెట్టుకుని ఒక ట్రావెల్స్ వారి బస్సులో సరిగ్గా ఇలాంటి ప్రయాణమే చేశాను. మూడు రోజుల్లో తొమ్మిది ఊళ్ళు. తంజావూరు పెద్ద గుడికి వాళ్ళిచ్చింది నలభై నిమిషాలు, అదీ మిట్టమధ్యాహ్నం. చెప్పులు బయట వదిలి రాతి పలకల మీద అడుగు పెట్టగానే మా అత్తగారి అరికాళ్ళు చురుక్కుమన్నాయి. ఎలాగో నంది మండపం నీడకు చేరి అక్కడే కూర్చుండిపోయారు. తిరిగి బస్సెక్కాక, "ఇంత దూరం వచ్చి ఆ విమానం కింద నిలబడి తలెత్తి చూడలేకపోయానే అమ్మాయ్" అన్నారు. విమానం అంటే గర్భగుడి మీద లేచే గోపురం. ఆవిడకు మళ్ళీ అక్కడికి వెళ్ళే యోగం కలగలేదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మహాబలిపురాన్ని ఈ ప్రయాణం నుంచి తీసేయండి. అది మీ గుమ్మంలోనే ఉంది, ఇంకో ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి పదకొండుకల్లా ఇంటికి రావచ్చు. కంచి కూడా అంతే. ఇక మిగిలినవి చోళుల గుళ్ళు మూడు. చెన్నై నుంచి రాత్రి రైలెక్కి తంజావూరులో దిగండి. పగలంతా పెద్దవాళ్ళను విశ్రాంతి తీసుకోనివ్వండి. సాయంత్రం నాలుగు దాటాక గుడికి వెళ్ళండి. మర్నాడు పొద్దున్న ఆరున్నరకే మళ్ళీ అదే గుడికి వెళ్ళండి. ఒకే గుడికి రెండుసార్లా అని మీ నాన్నగారు అంటే అననివ్వండి. సాయంత్రం చూసిన రాయి, పొద్దున్న చూసిన రాయి ఒకలా ఉండవు. మూడో రోజు కుంభకోణంలో బస చేసి ఉదయం దారాసురం, సాయంత్రం గంగైకొండ చోళపురం చూడండి. నాలుగో రోజు తిరుగు ప్రయాణం.

నరసరావుపేట నుంచి వస్తున్నారన్నారు కాబట్టి మీ నాన్నగారికి గుడి ముందు ఒక సంగతి చెప్పండి. ఈ గుడి కట్టించిన రాజరాజచోళుడి కూతురు కుందవ్వ. ఆమెను వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడికి ఇచ్చారు. వాళ్ళ కొడుకే రాజరాజనరేంద్రుడు, రాజమహేంద్రవరంలో నన్నయ్యగారి చేత భారతం మొదలుపెట్టించినవాడు. అంటే 1010లో పూర్తయిన ఈ విమానం మన ఆదికవిని పోషించిన రాజుకు తాతగారి కట్టడం. గంగైకొండ చోళపురం కట్టించిన రాజేంద్రచోళుడు ఆయనకు స్వయానా మేనమామ. ఆ మేనమామ కూతురు అమ్మంగదేవినే నరేంద్రుడు పెళ్ళాడాడు. మేనరికం! వాళ్ళ కొడుకు 1070లో చోళ సింహాసనమే ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. ఈ చుట్టరికం తెలిశాక ఆ గుడి వేరే రాజ్యం వారి గుడిలా అనిపించదు. నేను ఎందరికో చెప్పి చూశాను, ముఖాలు వెలిగిపోతాయి.

గుడి అధిష్ఠానం, అంటే పీఠం చుట్టూ, మోకాలి ఎత్తు నుంచి తల ఎత్తు దాకా, తమిళ అక్షరాలు చెక్కి ఉంటాయి. చదవలేకపోయినా ఒకసారి చుట్టూ నడవండి. గుడిలో ఆడడానికి రాజు వేరే ఊళ్ళ గుళ్ళ నుంచి రప్పించిన దాదాపు నాలుగు వందల మంది నర్తకీమణుల పేర్లు, ఏ వీధిలో ఎన్నో ఇల్లు ఎవరికిచ్చారో అందులో ఉంది. వెయ్యేళ్ళ కిందటి ఇంటి నంబర్లవి. విమానం నీడ నేల మీద పడదని అక్కడ ఎవరైనా చెప్తే నమ్మకండి. పడుతుంది, నేను ఆ నీడలో నిలబడ్డాను. అంత గొప్ప కట్టడానికి లేని మహిమ అంటగట్టనవసరం లేదు.

పెరంబూరు నుంచి తొమ్మిదో తరగతి విద్యార్థి

ప్రశ్న: టీచర్, మా స్కూల్లో మహాబలిపురం తీసుకెళ్తున్నారు. అన్నయ్య ఇంతకుముందే వెళ్ళాడు. అక్కడ ఎండ, రాళ్ళు తప్ప ఏమీ లేవన్నాడు. నిజమేనా?

జవాబు: నిజమే నాన్నా, ఎండా రాళ్ళే. అయితే ఆ రాళ్ళలో ఒక దొంగ పిల్లి ఉంది. అర్జున తపస్సు అనే పెద్ద బండ దగ్గరికి వెళ్ళినప్పుడు అందరూ పైకి చూస్తారు. నువ్వు పెద్ద ఏనుగు దంతాల కింది వైపు చూడు. ఒక పిల్లి వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళు తల మీదికెత్తి తపస్సు చేస్తుంటుంది. అచ్చం పైన చెక్కిన మునిలాగే. దాని చుట్టూ ఎలుకలు! పిల్లి మారిపోయిందనుకుని నమ్మిన ఎలుకలవి. పదమూడు వందల ఏళ్ళ కిందట ఆ శిల్పికి ఈ పిల్లి కథ తెలుసు. చెక్కమని రాజు చెప్పాడో, తనే సరదాపడ్డాడో మనకు తెలియదు. ఆ బండ అర్జునుడి కథా, గంగను దింపిన భగీరథుడి కథా అని పెద్ద పెద్ద పండితులే వాదించుకుంటున్నారు. మధ్యలో ఉన్న చీలికను, అందులో పైకి ఈదే నాగులను చూసి నువ్వే తేల్చుకో. నీ తీర్పు నాకు రాయి.

పక్కనే కృష్ణ మండపం ఉంది. గోవర్ధనగిరి ఎత్తిన కృష్ణుడికి కుడిఎడమల చూస్తూ వెళ్ళు. ఒకాయన గొంతుకూర్చుని ఆవు పాలు పితుకుతుంటాడు. ఆ ఆవు మెడ తిప్పి దూడను నాకుతోంది. దాని నాలుక, దూడ వీపు, ఆయన చేతివేళ్ళు... ఏటా మా తరగతి పిల్లలను సరిగ్గా అక్కడ కూర్చోబెట్టి పులిహోర పొట్లాలు తెరవడానికి ముందు అయిదు నిమిషాలు మాట్లాడకుండా చూడమనేదాన్ని. ఒక ఏడాది వెనక వరసలోంచి ఒక అబ్బాయి, "టీచర్, ఆవుకు పాలు చేపాలంటే దూడను నాకాలి, మా తాతయ్య అదే చేయిస్తాడు" అన్నాడు. వాడి తాతగారిది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. ఆ రోజు పాఠం వాడే చెప్పాడు, నేను విన్నాను.

ఇక పంచ రథాలు. పాండవులకూ వాటికీ ఏ సంబంధమూ లేదు, పేర్లు తరవాత జనం పెట్టుకున్నవి. అవి ఇల్లు కట్టినట్టు కింది నుంచి కట్టినవి కావు. ఒక్కొక్కటీ నిలువెత్తు బండను పై నుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చారు. ధర్మరాజ రథం శిఖరం నున్నగా పూర్తయి ఉంటుంది, కింది అంతస్తుకు వచ్చేసరికి మొరటుగా ఆగిపోయి ఉంటుంది. ఎందుకో ఆలోచించు. నకుల సహదేవ రథం వెనక భాగం గుండ్రంగా ఏనుగు వీపులా ఉంటుంది, ఆ పోలిక మనకు తెలియాలని కాబోలు పక్కనే రాతి ఏనుగును నిలబెట్టారు. రెండింటి వెనకా నిలబడి పోల్చి చూడు. బండల మీద వరసగా చిన్న చిన్న గుంటలు కనిపిస్తే వేలు పెట్టి చూడు, రాయిని చీల్చడానికి మేకులు దిగ్గొట్టిన చోట్లవి.

టోపీ, నీళ్ళ సీసా మరవకు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు అక్కడ టికెట్టు లేదు.

అంబత్తూరు నుంచి ఒక తల్లి

ప్రశ్న: మా పాపకు ఆరేళ్ళు. గుళ్ళూ శిల్పాలూ అంటే విసుగు. ఈ జాబితాలో పిల్లలకు నచ్చేది ఏదైనా దగ్గరలో ఉందా?

జవాబు: ఉంది, అది కదులుతుంది కూడా. నీలగిరి కొండ రైలు 2005లో జాబితాలో చేరింది. చెన్నై సెంట్రల్‌లో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి మేట్టుపాళయం. అక్కడి నుంచి ఉదకమండలం దాకా 46 కిలోమీటర్లు, పదహారు సొరంగాలు, ఎక్కడానికి దాదాపు అయిదు గంటలు. కల్లార్ దాటాక పట్టాల మధ్యలో పళ్ళున్న ఇనుప కడ్డీ మొదలవుతుంది. ఇంజను కింద ఉన్న పళ్ళ చక్రం దాన్ని పట్టుకుని అడుగడుగూ పైకి ఎక్కుతుంది. ఇంజను ముందుండి లాగదు, వెనక నుంచి నెడుతుంది. పాపకు ముందే ఆ సంగతి చెప్పి, స్టేషనులో ఆ పళ్ళు చూపించండి. మా మనవరాలు ఇంటికి వచ్చాక రెండు దువ్వెనలను ఒకదానిలో ఒకటి ఇరికించి ఆ రైలు ఆట నెలరోజులు ఆడింది.

టికెట్లు తెరిచిన రోజే అయిపోతాయి. చెన్నైలో వానలు పడే అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్ళకండి, కొండచరియలు విరిగిపడి రైలు ఆగిపోవడం అక్కడ మామూలు.

కోడంబాక్కం నుంచి ఒక విశ్రాంత ఉద్యోగిని

ప్రశ్న: నాకు అరవై ఆరు, రెండు మోకాళ్ళూ నొప్పే. స్నేహితురాళ్ళు శ్రీలంక వెళ్దామంటున్నారు, సిగిరియా ఎక్కాలంటున్నారు. ఎక్కగలనా?

జవాబు: వద్దు. దాదాపు 1,200 మెట్లు, పైన ఇనుప మెట్లు, దిగేటప్పుడు మోకాలి మీద పడే బరువు మరీ ఎక్కువ. ఎక్కేవాళ్ళను ఎక్కనిచ్చి మీరు కింద, ఆ కొండ కోట కట్టించిన కాశ్యప రాజు ఉద్యానవనాల్లో నడవండి. అయిదో శతాబ్దపు నీటి తోటలు అవి, చదునైన నేల.

అసలు మీరు చూడవలసింది పొలొన్నరువ. అది కూడా సిగిరియాలాగే 1982లోనే జాబితాలోకి వచ్చింది. అక్కడి గల్ విహారంలో ఒకే కొండరాతి గోడలో కూర్చున్న బుద్ధుడు, నిలుచున్న మూర్తి, పవళించిన బుద్ధుడు ఉంటారు. పవళించిన మూర్తి తల కింది దిండు చూడండి. తల బరువుకు దిండు కాస్త లోపలికి అణగినట్టు చెక్కారు. రాతి దిండు! అది చూడడానికి ఒక్క మెట్టు కూడా ఎక్కనక్కరలేదు. అదే ఊళ్ళో చోళులు కట్టిన శివాలయం కూడా ఉంది. ఆ ఊరు కొన్నాళ్ళు వాళ్ళకు లంకలో రాజధాని.

ఒక చిట్కా. పుణ్యస్థలాల్లో చెప్పులు విడవాలి, ఇసుకా రాళ్ళూ కాలిపోతుంటాయి. పాత మేజోళ్ళు రెండు జతలు సంచిలో వేసుకోండి.

షోళింగనల్లూరు నుంచి కొత్త దంపతులు

ప్రశ్న: మేడమ్, మాకు పెళ్ళయి ఏడాది. మొదటి విదేశీ ప్రయాణం కాంబోడియాకో, ఇండోనేషియాకో చేద్దామనుకుంటున్నాం. ఆంకోర్, బోరోబుదూర్ రెండూ ఆరు రోజుల్లో చూడవచ్చా? ఏది ముందు?

జవాబు: రెండింటినీ ఒక ప్రయాణంలో కలపకండి. ఏ రాయి ఎక్కడ చూశారో ఇంటికి వచ్చాక గుర్తుండదు. ఇండోనేషియాలోని బౌద్ధ స్తూపం బోరోబుదూర్ మీదికి ఇప్పుడు రోజుకు ఇంతమంది అని లెక్క పెట్టి, మెత్తటి చెప్పులు తొడిగించి, వెంట మనిషిని ఇచ్చి పంపుతున్నారు. తొమ్మిదో శతాబ్దపు మెట్లు అరిగిపోతున్నాయి మరి. మంచి నియమమే. దానికి ముందుగా టికెట్టు తీసుకుని ఇంకో ఏడాది వెళ్ళండి. ఈసారి ఆంకోర్.

మూడు రోజుల టికెట్టు తీసుకోండి. ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. ఆ మూడు రోజులూ వరసగా వాడనక్కరలేదు, మధ్యలో ఒక రోజు ఆగవచ్చు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ఉండాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. చెన్నై నుంచి బ్యాంకాక్ మీదుగానో, కౌలాలంపూర్ మీదుగానో, సింగపూర్ మీదుగానో సియమ్ రీప్ చేరవచ్చు.

వెళ్ళే ముందు వారం మీ ఇంటికి దగ్గరే కదా, మహాబలిపురం మళ్ళీ ఒకసారి వెళ్ళండి. ఖ్మేరుల, అంటే కాంబోడియా వారి తొలి శాసనాలు మహాబలిపురం చెక్కించిన పల్లవుల లిపిలోనే ఉన్నాయి. ఇప్పటి ఖ్మేర్ అక్షరాలు దాని సంతతి. సియమ్ రీప్‌లో బోర్డుల మీద గుండ్రటి అక్షరాలు చూసి ఇవి ఎక్కడో చూశామే అనిపిస్తే ఆశ్చర్యం లేదు, మన లిపికీ వాటికీ పూర్వీకులు ఒక్కరే.

ఆంకోర్ వాట్ పన్నెండో శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువుకు కట్టించిన గుడి. మన గుళ్ళలా తూర్పు ముఖం కాదు, పడమటి ముఖం. తూర్పు వైపు వసారాలో క్షీరసాగర మథనం చెక్కారు. దాదాపు యాభై మీటర్ల పొడవు, ఒక పక్క 88 మంది దేవతలు, ఇంకో పక్క 92 మంది అసురులు, మధ్యలో వాసుకి. చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన కథే. గైడు తొందరపెడతాడు, ఒప్పుకోకండి. ఒక కొస నుంచి ఇంకో కొసకు నడుస్తూ పాము ఒంటి మీద చేతుల పట్టు చూడండి. కింద నీళ్ళలో చేపలు, మొసళ్ళు మందరగిరికి దగ్గరయ్యే కొద్దీ ముక్కలు ముక్కలై కనిపిస్తాయి. కవ్వం తిరిగే వేగాన్ని ఆ శిల్పి తెగిన చేపలతో చూపించాడు. నేను ఆ వసారాలో గంటన్నర ఉన్నాను, ఇంకా ఉండవలసింది.

రెండో రోజు ఉదయం బాంతియే శ్రీకి వెళ్ళండి. ఎర్ర ఇసుకరాతి గుడి, చిన్నది, 967లో ప్రతిష్ఠ జరిగింది. చందనపు చెక్క మీద చెక్కినంత సన్నటి పని. ఈ గుడి వెనక ఒక కథ ఉంది, నన్ను చాలా ఏళ్ళు వెంటాడింది. 1923లో ఆంద్రే మాల్రో అనే ఇరవై రెండేళ్ళ ఫ్రెంచి యువకుడు ఈ గుడి గోడల నుంచి దేవతా శిల్పాలను కోయించి బండ్ల మీద తరలించాడు. పట్టుబడ్డాడు, కేసు నడిచింది, శిల్పాలు తిరిగి గోడలకు చేరాయి. ఆ యువకుడే తరవాత పెద్ద రచయిత అయ్యాడు, ఫ్రాన్సు సాంస్కృతిక మంత్రి అయ్యాడు. 1960లో ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట నీళ్ళలో అబూ సింబెల్ మునిగిపోబోతుంటే, కాపాడండని యునెస్కో ప్రపంచానికి పిలుపునిచ్చిన సభలో మాట్లాడినవాడు అతనే. ఆ కొండగుళ్ళను రంపాలతో కోసి 65 మీటర్ల ఎత్తున తిరిగి నిలబెట్టారు. ఆ ఉద్యమం నుంచే 1972 నాటి ప్రపంచ వారసత్వ ఒప్పందం పుట్టింది. మనం ఇన్ని మాటలు చెప్పుకుంటున్న జాబితాకు మూలం అదే. రాయి కోసుకుపోయిన చేయి అలా మారింది. బాంతియే శ్రీ గోడ మీద ఆ దేవతల ముందు నిలబడినప్పుడు ఇది గుర్తు చేసుకోండి.

చూళై నుంచి ఒక పెద్దాయన

ప్రశ్న: అమ్మా, నాకు డెబ్భై ఎనిమిదేళ్ళు. పుట్టింది గుంటూరు జిల్లా, బతికింది చెన్నపట్నం. మన దేశం నుంచి జాబితాలో 44 చోట్లున్నాయని చదివాను. తెలంగాణకు రామప్ప గుడి దక్కింది, సంతోషం. మన ఆంధ్రాలో ఒక్కటి కూడా లేదా? లేకపోతే ఎందుకు లేదు? దూర ప్రయాణాలు ఇక చేయలేను, మీ జవాబు చదివి తృప్తి పడతాను.

జవాబు: బాబాయిగారూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ చేతిరాతలో "ఒక్కటి కూడా" కింద గీత గీశారు. ఆ గీత నా మనసులోనూ ఉంది.

ఇంకా లేదు, నిజమే. లేపాక్షి గుడి, ఏకశిలా నంది 2022లో ప్రతిపాదనల జాబితాలోకి ఎక్కాయి. అది మొదటి మెట్టు మాత్రమే. రామప్ప 1213 నాటి గుడి, కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. అది 2021లో గుర్తింపు పొందింది. నీటిలో తేలే ఇటుకలతో శిఖరం, ఇసుక నింపిన పునాది. ఆ గుడి నిలిచి ఉంది కాబట్టి దానికి గుర్తింపు వచ్చింది. మన కృష్ణాతీరంలో గొప్పవి నిలిచి లేవు. కొన్ని నీళ్ళలో మునిగాయి, కొన్ని చెల్లాచెదురయ్యాయి.

మునిగింది నాగార్జునకొండ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ వాళ్ళు ఆ లోయంతా తవ్వారు. ఒక పక్క సాగర్ ఆనకట్ట లేస్తుంటే, నీళ్ళు రాకముందే స్తూపాలను, విహారాలను విప్పి కొండ మీదికి మోశారు. పై జవాబులో అబూ సింబెల్ అన్నానే, దాన్ని కోయడం మొదలైంది 1964లో. అంతకు ముందే మనవాళ్ళు ఇక్కడ ఆ పని చేశారు. ప్రపంచం ఆ ఈజిప్టు కథను చెప్పుకున్నట్టు ఈ కథను చెప్పుకోలేదు. మన బడి పుస్తకాల్లోనైనా ఇది ఒక పూర్తి పాఠంగా ఉండాలని నా కోరిక.

చెల్లాచెదురైంది అమరావతి. 1790ల్లో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అక్కడ కొత్త ఊరు కట్టిస్తుంటే దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను తవ్వారు. చెక్కిన పలకలు బయటపడ్డాయి. అవి బౌద్ధుల మహాస్తూపం రాళ్ళని అప్పుడు ఎవరికీ తెలియదు. గోడలకు వాడారు, మెట్లకు వాడారు, కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసి వెళ్ళాడు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలను మద్రాసుకు పంపాడు. ఏళ్ళ తరబడి అవి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో ఆ రాళ్ళను లండన్‌కు ఓడలో పంపేశారు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి అవే. స్తూపం ఉన్న చోట ఇప్పుడు మిగిలింది దిబ్బ, దాని చుట్టూ కొన్ని పలకలు.

అయితే తరవాత తవ్వినవాటిలో చాలా భాగం మద్రాసులోనే ఉండిపోయింది. మీరు దూరం వెళ్ళలేనన్నారు. చూళై నుంచి ఎగ్మూరు ఎంత దూరం బాబాయిగారూ? ఆటోలో పది నిమిషాలు. పాంథియన్ రోడ్డులో 1851 నుంచి ఉన్న మ్యూజియంలో అమరావతి గది ఉంది. మీరు పుట్టిన జిల్లా రాళ్ళు మీరు బతికిన ఊళ్ళోనే ఉన్నాయి.

ఆ గదిలో లేత ఆకుపచ్చ ఛాయ తిరిగిన తెల్లటి పలకలుంటాయి, పల్నాటి సున్నపురాయి. గుండ్రటి పలక ఒకదాని కోసం వెతకండి, అడిగితే అక్కడివాళ్ళు చూపిస్తారు. నాళాగిరి కథ అది. బుద్ధుణ్ణి చంపించాలని దేవదత్తుడు రాజగృహ వీధిలోకి మదపుటేనుగును వదిలించాడు. శిల్పి ఆ ఏనుగును ఒకే పలకలో రెండుసార్లు చెక్కాడు. ఒకచోట అది తొండంతో ఒక మనిషిని చుట్టి పట్టుకుంది, జనం చెల్లాచెదురుగా పరుగెడుతున్నారు, ఒక స్త్రీ భయంతో పక్కవాళ్ళను పట్టుకుని వేలాడుతోంది. పైన మేడల కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి చూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఆ రెండు ఏనుగులకూ మధ్య దూరం నా జానెడు. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట కృష్ణ ఒడ్డున ఉలి పట్టిన ఎవరో తెలుగు నేల మనిషి ఆ జానెడు దూరంలో అంత కథ చెప్పాడు. నేను మొదటిసారి చూసినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, మా నాన్నగారు తీసుకెళ్ళారు. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

శుక్రవారం మ్యూజియం ఉండదు. మిగతా ఏ రోజైనా పొద్దున్న తెరవగానే వెళ్ళండి, జనం తక్కువ. లోపల నడక కాస్త ఉంటుంది కాబట్టి మనవల్లో ఒకరిని తోడు తీసుకెళ్ళండి. ఎవరూ ఖాళీగా లేకపోతే ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి, నేను వస్తాను. ఆ కిటికీల్లో ఎన్ని తలలున్నాయో నేను ఇంతవరకు సరిగా లెక్కపెట్టలేదు. ఇద్దరం కలిసి లెక్కపెడదాం.